ఏడుపు కాదు, అప్‌డేట్

వదినా ఆడపడుచూ కలిసి కొట్టు పెడుతున్నారని తెలిసినప్పుడు వీధిలో వాళ్ళు నవ్వుకున్నారు. "ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? నాలుగు నాళ్ళు పోనీ, సూదులు కూడా లెక్కపెట్టి పంచుకుంటారు" అన్నారు. కొట్టు చీలలేదు సరికదా, పక్క గదిని కూడా కలుపుకుని పెద్దదైంది.

అది బట్టల మీద కంప్యూటర్‌తో ఎంబ్రాయిడరీ కుట్టే కొట్టు. వదిన పని కంప్యూటర్ ముందు. పువ్వయినా పిట్టయినా ముందు తెర మీద గీసి, ఏ రంగు దారం ముందు నడవాలో, ఏది తర్వాత రావాలో, కుట్టు ఏ వాలుగా పడాలో మిషనుకి అర్థమయ్యేట్టు చెప్పాలి. కుట్టు వాలు మారిస్తే అదే దారం ఒకచోట మెరుస్తుంది, ఇంకోచోట నీడలా కనిపిస్తుంది. ఆ మెరుపునీ నీడనీ ఆడించడంలో వదిన చేయి తిరిగిన మనిషి. ఆడపడుచు పని మిషను దగ్గర. గుడ్డని ఫ్రేములో బిగించడం, దారపు కండెలు మార్చడం, సూది విరిగితే మిషన్ని తిట్టడం. ఒక్కచోట నిలబడదని వాళ్ళన్నయ్య చిన్నప్పుడే ఆమెకి బొంగరం అని పేరు పెట్టాడు. అసలు పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఆ అన్నయ్య, అంటే వదిన భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

ఒకరోజు పొద్దున కొట్టు తెరిచేసరికి కంప్యూటర్ తనంతట తానే మొదలుపెట్టింది. 'అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు' అని తెర మీద ఒక చక్రం తిరుగుతోంది. ఇద్దరూ టీ తాగి, కబుర్లు చెప్పుకుని, ఇంకో టీ కూడా తాగాక తెర వెలిగింది. అక్షరాలు సన్నబడ్డాయి, బొమ్మల మూలలు గుండ్రంగా తిరిగాయి, రంగులు కొత్తగా ఉన్నాయి.

"ముఖం కడుక్కొచ్చినట్టుంది కదా వదినా" అంది బొంగరం.

"బాగానే ఉంది" అంది వదిన.

మధ్యాహ్నానికి బాగాలేదు. కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర. కనుబొమల వెనక ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు నొప్పి. సాయంత్రానికి కళ్ళ నుంచి నీళ్ళు ధారలు కట్టాయి. తెర వెలుగు ఎక్కువైందేమో అని తగ్గించింది. నొప్పి పెరిగింది. ఇంకా తగ్గించింది. ఇంకా పెరిగింది. ఇంటికి వెళ్ళి భోంచేసేసరికి నొప్పి పోయింది. మర్నాడు తెర ముందు కూర్చోగానే మళ్ళీ మొదలు.

సరిగ్గా ఆ మర్నాడే స్కూలు టీచరు ఒకావిడ యూనిఫాంల మీద బ్యాడ్జీలు కుట్టించడానికి వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, మిషను చాటు నుంచి బొంగరం గొంతు వినిపించింది. "ఎంత బాగా చూసుకున్నా నీకు విశ్వాసం లేదు కదే! ఈ కొట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నా ప్రాణం తోడేస్తున్నావు. తిండి దండగ!" ఆ తిట్లు దారం తెంపిన మిషనుకి. కానీ టీచరుకి కనిపించింది మాత్రం, కంప్యూటర్ ముందు కూర్చుని చెంపల మీదుగా కన్నీళ్ళు కారుస్తున్న వదిన.

"ఏమైందమ్మా?" అంది టీచరు నెమ్మదిగా.

"ఏం లేదండీ, కంప్యూటర్ అప్‌డేట్ అయింది. అప్పట్నుంచీ ఇంతే" అంది వదిన, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

టీచరు ఆ నవ్వు చూసి మరీ కరిగిపోయింది. ఇంటి గుట్టు బయట పెట్టకూడదని ఎంత ఓర్పు! బ్యాడ్జీల సంగతి చెప్పి, వెళ్తూ వెళ్తూ వదిన భుజం తట్టి, బొంగరం వైపు ఒక చూపు విసిరి వెళ్ళింది. ఆ చూపుకి దారం దానంతటదే తెగేలా ఉంది.

"ఆవిడకి నా మీద కోపం ఎందుకు వదినా?" అంది బొంగరం.

వారం తిరిగేసరికి ఎందుకో తెలిసిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ వదినతో గొంతు తగ్గించి మాట్లాడటం, బొంగరంతో గొంతు పెంచి మాట్లాడటం. "ఆడపిల్లవి, రేపు నువ్వూ ఒకింటికి వెళ్ళాల్సినదానివే" అని ఒకావిడ. "మంచి వదిన దొరకడం అదృష్టం తల్లీ, నిలబెట్టుకో" అని ఇంకొకావిడ. వదిన అడ్డుపడి, "అయ్యో, అది బంగారమండీ, నా కన్నీళ్ళకి కారణం అప్‌డేటండీ" అంటే, "నువ్వలా అంటావని మాకు తెలుసులే అమ్మా" అనేవాళ్ళు. ఎంత విడమరిచి చెబితే అంత దాస్తున్నట్టు లెక్క.

బొంగరానికి మొదట ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఎవరైనా గుమ్మం ఎక్కుతుంటే మిషను వెనక నుంచి, "వదినా, త్వరగా కళ్ళు తుడుచుకో, నా పరువు తీసేవాళ్ళు వస్తున్నారు" అనేది.

నవ్వులాటగా తీసుకున్నా వదినకి లోపల దిగులుగానే ఉంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన దీపం వేసి, చుక్కలు వేసి, గోడ మీది అక్షరాలన్నీ చదివించి, "కళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. తెర చూసేవాళ్ళు రెప్పలు ఆర్పడం మర్చిపోతారు. తరచూ ఆర్పుతూ ఉండండి" అన్నాడు. వదిన ఆ మాట పట్టుకుని రోజంతా టపటపా రెప్పలు కొట్టింది. పక్కన గుండీల కొట్టు పెద్దాయన చిల్లర మార్చుకుందామని వచ్చి, ఆ రెప్పలు చూసి, చిల్లర సంగతి మర్చిపోయి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు బొంగరం నవ్వి నవ్వి నేల మీద కూలబడింది.

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. సాధువైన మనిషి. తెర వెలుగు పూర్తిగా పెంచి, రంగు రంగు చొప్పున పరీక్షించాడు. అక్షరాలు పెద్దవి చేశాడు, రంగుల్లో పసుపు కలిపాడు. "స్క్రీన్ బ్రహ్మాండంగా ఉంది మేడమ్. పాతదానికి వెనక్కి తీసుకెళ్ళడం ఇప్పుడు కుదరదు. కాస్త నిద్ర పోండి, అలవాటైపోతుంది" అని చెప్పి వెళ్ళాడు. అతను వెళ్ళగానే వదిన తనకి అలవాటైనట్టు వెలుగు తగ్గించుకుని కూర్చుంది. నీళ్ళు మళ్ళీ మొదలు.

రాత్రి భోజనాల దగ్గర భర్త అన్నాడు, "కొన్నాళ్ళు మానెయ్. బొంగరం చూసుకుంటుంది."

"బొంగరం గీస్తే నెమలి కోడవుతుంది" అంది బొంగరం.

వదిన నవ్వలేదు. "డాక్టరేమో కళ్ళు బాగున్నాయంటాడు, అతనేమో తెర బాగుందంటాడు. రెండూ బాగుంటే మరి బాగాలేనిది నా బుర్రా? నిజంగానే నొప్పెడుతోందా, నేనే అనుకుంటున్నానా అని నాకే అనుమానం వస్తోంది" అంది. ఆ మాటకి ఇద్దరూ తినడం ఆపేశారు. ఆ పని అంటే ఆమెకి ఎంత ప్రాణమో ఇద్దరికీ తెలుసు.

ఆ సమయంలోనే పెద్ద పని ఒకటి చేతిలో ఉంది. పిల్లల కోసం నాటకాలు వేసే బృందం వాళ్ళు సముద్రరాజు వేషానికి అంగీ ఇచ్చారు. నీలం శాటిన్ గుడ్డ, మెడ నుంచి అంచు దాకా చేపలు. మెడ దగ్గర వేలెడంత చేపలు, కిందికి వచ్చేకొద్దీ పెద్దవవుతూ అంచు దగ్గర మూరెడు చేప. దాని ఒక్కో పొలుసూ ఒక్కో వాలులో మెరవాలి. వదిన కళ్ళు తుడుచుకుంటూ, పది నిమిషాలు గీసి, పావుగంట గోడ చూస్తూ, ఎలాగో పెద్ద చేప పూర్తి చేసింది. మిషను దాన్ని కుట్టింది. బొంగరం ఫ్రేము విప్పి, గుడ్డ ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఏం?" అంది వదిన.

"వదినా, దీనికి కన్నేది?"

కన్ను ఉంది. పొలుసుల కింద ఉంది. పొలుసులు కుట్టాక కన్ను కుట్టమనాల్సింది, వరస తారుమారై మిషను ముందు కన్ను కుట్టి, దాని మీద శుభ్రంగా పొలుసులు కప్పేసింది. వదిన ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తోంది, ఇలాంటి తప్పు ఎప్పుడూ చేయలేదు. కన్ను లేని చేపని ఒళ్ళోకి తీసుకుని, కన్ను ఉండాల్సిన చోటు వేలితో తడిమింది.

ఆ మర్నాడు పొద్దున ఆటో ఒకటి కొట్టు ముందు ఆగింది. అందులోంచి సంచితో సహా వదిన వాళ్ళమ్మ దిగింది. మాటకి కాళ్ళెందుకు! టీచరుగారి పిన్ని, ఈవిడా ఒకే మేడలో ఉంటారు.

"రండి అత్తయ్యగారూ, రండి, ఫోనైనా చేయలేదే" అని బొంగరం ఎదురెళ్ళి సంచి అందుకోబోయింది.

అత్తయ్యగారు సంచి వదల్లేదు. "నీతో తర్వాత మాట్లాడతాను అమ్మాయ్. ముందు నా కూతుర్ని చూడనీ."

కూతురు కంప్యూటర్ ముందు ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి. తల్లి గుండె చెరువైపోయింది.

"చెప్పవే. కన్నతల్లిని, నా దగ్గరేం దాస్తావు? మనింటికి వెళ్ళిపోదాం పద."

"అమ్మా, నన్నెవరూ ఏమీ అనలేదే. అప్‌డేట్ అయిన దగ్గర్నుంచీ ఈ తెర చూస్తే చాలు..."

"ఆ కథలు బయటివాళ్ళకి చెప్పు. నా ఫోను నెలకోసారి అప్‌డేట్ అవుతుంది, అదెప్పుడైనా నన్ను ఏడిపించిందా? అయినా అందులో ఏడవడానికి ఏముంది, ఏదీ చూడనీ!" అని, కూతుర్ని కుర్చీలోంచి లేపి తానే కూర్చుంది. "ఏమిటిది? చేపా? బాగుంది. దీని కన్నెక్కడ?"

"అదే అమ్మా, ఇప్పుడే కన్ను మీదికి తెస్తున్నాను. అటు జరుపు, చూపిస్తాను."

వదిన వెనక నిలబడి ఒక్కో పొలుసూ ఏ వాలులో ఉందో చూపించడం మొదలుపెట్టింది. అమ్మకి నిజంగానే ఆసక్తి పుట్టింది. కూతురు ఏం పని చేస్తుందో ఇన్నాళ్ళూ ఫోనులో వినడమే గానీ కూర్చుని చూసింది లేదు. "ఇది నువ్వు గీసిందేనా? ఈ రెక్క కూడానా?" అని అడుగుతూ, అడుగుతూ, కళ్ళు నులుముకుంది. మళ్ళీ నులుముకుంది. మూడోసారి చెయ్యి తీసేసరికి వేళ్ళు తడి.

బొంగరం తలుపు దగ్గర నుంచి అంది, "అత్తయ్యగారూ, మీరెందుకు ఏడుస్తున్నారు?"

"నేనెందుకేడుస్తాను? ఏడవట్లేదు!" అంది అత్తయ్యగారు, చెంపల మీద నీళ్ళు కారుతుండగా. "వాటంతటవే కారుతున్నాయి! ఇదేమిటే, కళ్ళలో ఇసుక పోసినట్టుంది!"

వదిన ఒక్క క్షణం తల్లి ముఖంలోకి చూసింది. "ఇసుకేనా అమ్మా? ఇసుక పోసినట్టేనా?"

"ఇసుకేనే. ఇదిగో, ఈ కనుబొమల వెనక..."

"బొటనవేలితో నొక్కుతున్నట్టు!"

"ఆ, బొటనవేలితో!"

వదిన తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చిన్నపిల్లలా గంతులు వేస్తూ నవ్వింది. తల్లికి నొప్పి పుడితే ఇంత సంతోషించిన కూతురు ఇంకొకరు ఉండరు. "నా బుర్ర బాగానే ఉంది బొంగరం! అమ్మకి కూడా అంతే! నాకొక్కదానికే కాదు!" అంటూ నవ్వుతోంది, తెర ఎదురుగా ఉన్న పాపానికి ఆమె కళ్ళూ కారుతున్నాయి.

అప్పుడే నాటకం డైరెక్టరమ్మ వచ్చింది, అంగీ ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని. గుమ్మంలో ఆగిపోయింది. తెర మీద తన సముద్రరాజు చేప. దాని ముందు తల్లీకూతుళ్ళు ఒకర్నొకరు పట్టుకుని కన్నీరు మున్నీరు.

"ఇంత... ఇంత కదిలించిందా మిమ్మల్ని?" అంది డైరెక్టరమ్మ. ఆవిడ కూడా కళ్ళు ఒత్తుకుంది. "నాటకం ఇంకా వేయనే లేదు!"

నిజం చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. బొంగరం మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది.

డైరెక్టరమ్మ వెళ్ళే ముందు, "మిషను కుడుతుండగా వీడియో ఒకటి తీసి పంపండి, మా వాళ్ళకి చూపిస్తాను. నెమ్మదిగా సూది దిగేది కనిపించాలి" అంది. బొంగరం ఫోను స్లో మోషన్‌లో పెట్టి వీడియో తీసి పంపింది.

అత్తయ్యగారు సంచి విప్పింది. పోట్లాటకి తెచ్చుకున్న మాటలు వృథా పోయినందుకు కాస్త చిన్నబుచ్చుకున్నట్టే ఉంది గానీ, ఖాళీగా కూర్చునే మనిషి కాదు. గుడ్డి చేపని ఒళ్ళోకి తీసుకుని, కుట్లు విప్పే చిన్న కత్తితో కన్ను మీది పొలుసులు ఒక్కొక్కటే విప్పసాగింది. తెరకి దూరంగా కూర్చుంటే ఆవిడ కళ్ళకి ఏ జబ్బూ లేదు.

"అమ్మాయ్, దీపం ఇటు జరుపు. ఆ కుర్చీ కూడా. ఎప్పుడూ ఇలా తిరుగుతూనే ఉంటావా? నీకు బొంగరమని పేరెవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు."

"మీ అల్లుడే పెట్టాడు అత్తయ్యగారూ."

"నీ గురించి నేను అనరానివి చాలా అనుకున్నాను, తెలుసా? ఆటోలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను."

"ఏమనుకున్నారు? చెప్పండి, నాకూ కాస్త సరదా!"

అత్తయ్యగారు ఒకటి చెప్పింది. బొంగరం పడీపడీ నవ్వి, అందులో సగం రేపు మిషన్ని తిట్టడానికి పనికొస్తుందంది. ఆ సాయంత్రమల్లా ఇద్దరూ ఒకరికొకరు కొత్త తిట్లు నేర్పుకున్నారు.

మర్నాడు డైరెక్టరమ్మ ఫోను చేసింది. వీడియో అద్భుతం, అందరూ మెచ్చుకున్నారు. "ఇంకొకటి అడగనా? వెనకాల మీ కంప్యూటర్ తెర మీద నల్లటి పట్టీలు అలల్లాగా పాకుతున్నాయే, అది ఎలా చేశారు? మా స్టేజి మీద సముద్రానికి అలాంటిది వేయాలని ఉంది."

"పట్టీలేంటండీ?" అంది బొంగరం. ఫోను పెట్టేసి తను తీసిన వీడియో మళ్ళీ చూసింది. ముందు మిషను, సూది, దారం. వెనక మూలన కంప్యూటర్ తెర. దాని మీద కింద నుంచి పైకి నల్లటి పట్టీలు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. తలెత్తి తెర వైపు చూసింది. మామూలు కంటికి ఏమీ లేదు.

టెక్నీషియన్ని మళ్ళీ పిలిచారు. వీడియో చూడగానే అతను కుర్చీలో ముందుకి జరిగాడు. తెర వెలుగు పూర్తిగా పెంచి, ఫోనులోంచి చూశాడు. పట్టీలు లేవు. సగానికి తగ్గించాడు. పట్టీలు వచ్చాయి. ఇంకా తగ్గించాడు. పట్టీలు లావయ్యాయి.

"మేడమ్, మీరు చెప్పింది నిజం" అన్నాడు. "వెలుగు తగ్గించమంటే ఇది దీపాన్ని మందంగా చేయట్లేదు. ఆర్పి వెలిగిస్తోంది. ఎంత తగ్గిస్తే అంత ఎక్కువసేపు ఆర్పి ఉంచుతోంది. ఇదివరకు కూడా అలాగే చేసేదేమో, కానీ చాలా వేగంగా, ఎవరి కంటికీ అందనంత వేగంగా. అప్‌డేట్‌తో ఆ వేగం తగ్గినట్టుంది. అయినా చాలామందికి తేడా తెలీదు. కొందరి కళ్ళు పట్టుకుంటాయి."

"మా అమ్మవీ నావీ పట్టుకున్నాయి" అంది వదిన గర్వంగా.

"మొన్న నేను వెలుగు ఫుల్లుగా పెట్టి చూశాను. అందుకే నాకేం దొరకలేదు. సారీ మేడమ్. ఇక మీరు వెలుగు తగ్గించకండి, అంతే మందు."

మందు మంచిదే గానీ చేదు. పూర్తి వెలుగులో తెర కిటికీలోంచి ఎండ కొట్టినట్టుంది. నొప్పి లేదు, నీళ్ళు లేవు, కానీ కళ్ళు చికిలించుకోవాలి. వదిన అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, "దీనికి పరదా ఉంటే బాగుండు" అంది.

బొంగరం అప్పటికే గుడ్డల బీరువాలో తల దూర్చింది. గౌన్లకి వేసే నల్లటి నెట్ గుడ్డ తెచ్చి తెర మీద కప్పింది. ఒక్క పొర చాలలేదు. రెండు పొరలు వేస్తే, "ఇదే, ఇదే!" అని వదిన అరిచింది. దిండు గలీబులా చుట్టూ ఎలాస్టిక్ పెట్టి కుట్టి, తెరకి తొడిగారు. రంగులు కాస్త మందగించిన మాట నిజమే, కానీ దారపు కండెలు పక్కన పెట్టుకుంటే ఆ లోటు తెలియలేదు. వదిన కూర్చుంది. పది నిమిషాలు, అరగంట, టీ వేళ దాటింది. ఆమె టీ కూడా అడగలేదు.

"నొప్పి ఉందా?" అంది బొంగరం.

"మాట్లాడకు, రెక్క మధ్యలో ఉన్నాను" అంది వదిన. ఆ విసుగు విని బొంగరానికి ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకో వదిన పనిలో మునిగి తనని విసుక్కుంది!

టెక్నీషియన్ ఆ ముసుగుని ఫొటో తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకి వచ్చి, తన దగ్గరికి వచ్చేవాళ్ళలో కళ్ళు నొప్పి అంటే తను నిద్ర పొమ్మని పంపేసిన వాళ్ళు ఇంకొందరు ఉన్నారని, వాళ్ళకీ నాలుగు ముసుగులు కావాలని అడిగాడు. అత్తయ్యగారు వాటి అంచులు మడిచి కుట్టింది. రెండు రోజులకని వచ్చిన మనిషి, అంగీ అయ్యేదాకా ఉంటానంది. అల్లుడు, "ఎన్నాళ్ళైనా ఉండండి, మీరుంటే ఈ ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టించడం తగ్గుతుంది" అన్నాడు. తగ్గలేదు. ముగ్గురయ్యారు.

అంగీ పూర్తయిన రోజు దాన్ని కొట్టు ముందు తీగ మీద ఆరేసినట్టు వేలాడదీశారు. గాలికి గుడ్డ కదిలితే మెడ నుంచి అంచు దాకా చేపలు ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకున్నట్టు మెరిశాయి. గుండీల పెద్దాయన వచ్చి, ఎవరూ అడక్కుండానే, కొట్లో ఉన్నవాటిలో మేలైన ముత్యాల గుండీలు ఇచ్చి, మెడకి ఇవి కుట్టండన్నాడు.

నాటకం రోజు నలుగురూ వెళ్ళారు. హాలు నిండా పిల్లలు. సముద్రరాజు వేదిక మీదికి వచ్చి, చేతులు రెండూ చాపి ఒక్కసారి గిర్రున తిరిగాడు. దీపాల వెలుగులో చేపల గుంపు అతని చుట్టూ ఈదింది. హాలంతా "ఓ" అంది. ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడి, "ఆ పెద్ద చేప నన్నే చూస్తోంది!" అని అరిచింది. వదిన బొంగరం చేతిని గట్టిగా పట్టుకుంది.

నాటకం అయిపోయినా సముద్రరాజు అంగీ విప్పనన్నాడు. డైరెక్టరమ్మ బతిమాలినా వినలేదు. అలాగే కిరీటంతో సహా అందరితో కలిసి ఎదురుగా ఉన్న టీ కొట్టుకి నడిచాడు. బయట చిన్న వాన పడి వెలిసింది. అత్తయ్యగారికి గుండె ఆగినంత పనైంది. "ఆగు నాయనా, ఆగు! అంచు బురదవుతుంది!" అంటూ పరుగున వెళ్ళి, అంగీ అంచు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని అతని వెనకే నడిచింది. రెండో పక్క అంచు బొంగరం అందుకుంది. రోడ్డు మీద బండ్లు ఆగిపోయి దారి ఇచ్చాయి. రాజుగారు టీ ఊదుకుని ఊదుకుని తాపీగా తాగుతున్నంతసేపూ ఇద్దరూ అంచు దింపలేదు. వదిన ఇద్దరి గ్లాసులూ చేతికొకటిగా పట్టుకుని, ఒకసారి అమ్మకీ ఒకసారి ఆడపడుచుకీ తాగిస్తూ నిలబడింది.